టర్కీ ఓవెన్‌లోంచి దిగాక ఒక అరగంట: ఇంట్లో థాంక్స్‌గివింగ్ భోజనం ఎలా పెట్టుకోవాలి

అమెరికాలో ఉండే మన ఇళ్లల్లో నవంబర్ వచ్చిందంటే రెండు ప్రశ్నలు మొదలవుతాయి. థాంక్స్‌గివింగ్ పండక్కి అంత పెద్ద టర్కీ కోడిని ఎలా వండాలి అన్నది ఒకటి. వండాక అందరూ కూర్చుని ఒకరికొకరు థాంక్స్ చెప్పుకోవాలంటారు కదా, మనకు అలవాటు లేని పని, ఎబ్బెట్టుగా లేకుండా ఎలా చేయాలి అన్నది రెండోది. చాలామంది మొదటిదానికి వంద వీడియోలు చూస్తారు, రెండోదాన్ని వదిలేస్తారు. నేనైతే ఈ రెండూ ఒకే పని అంటాను. టర్కీని ఓవెన్‌లోంచి దించాక వెంటనే కోయకూడదు, అరగంట అలా వదిలేయాలి. అప్పటికి ఇల్లంతా ఘుమఘుమలాడుతూ ఉంటుంది, అందరికీ ఆకలిగా ఉంటుంది, ఎవరూ లేచి ఎక్కడికీ పోరు. చెప్పుకోవాల్సిన మాటలు ఆ అరగంటలో చెప్పుకోవాలి. ఇన్నేళ్లుగా మా ఇంట్లో ఈ భోజనం పెడుతున్నాను, దాని కోసమే పెడుతున్నాను, మిగతా వంటంతా ఆ అరగంటకు ఏర్పాట్లే.

ముందు ఏ రోజు పెట్టుకోవాలో తేల్చుకోండి. థాంక్స్‌గివింగ్ ఎప్పుడూ నవంబర్ నాలుగో గురువారమే. శారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు ఏళ్ల తరబడి అధ్యక్షులకు ఉత్తరాలు రాయగా రాయగా 1863లో లింకన్ నవంబర్ చివరి గురువారం అని ప్రకటించాడు. 1939లో రూజ్‌వెల్ట్ క్రిస్మస్ షాపింగ్‌కు రోజులు పెరుగుతాయని దాన్ని వారం ముందుకు జరిపితే కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు. చివరికి 1941లో చట్టం చేసి నాలుగో గురువారం అని ఖాయం చేశారు. కానీ గురువారం అంటే మనలో చాలామందికి బాబా వారం, మాంసం ముట్టరు. దానికి తోడు కార్తీకమాసం, 2024లో ఈ పండగ సరిగ్గా కార్తీకంలోనే పడింది, 2025లో కార్తీకం వెళ్లిన వారానికి వచ్చింది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు ఉంటే ఆ నియమాలు వేరు. కాబట్టి పిలిచే ముందే ఫోన్ చేసి ఎవరు ఏ రోజు తింటారో అడగండి. శుక్రవారమో శనివారమో పెట్టుకుంటే తప్పేమీ లేదు, పిల్లలకు స్కూలు ఎలాగూ ఉండదు. ఇంట్లో సగం మంది శాకాహారులైతే టర్కీని టేబుల్ మధ్యలో పెట్టకుండా పక్కన వేరే బల్ల మీద పెట్టండి, గరిటెలు కూడా వేరుగా ఉంచండి. టర్కీ తినకపోతే పండగ కాదని ఎవరికీ అనిపించకూడదు.

కొనేటప్పుడు మనిషికి ఒకటి నుంచి ఒకటిన్నర పౌండ్ల లెక్క వేసుకోండి, ఎముకలే చాలా బరువుంటాయి. పది మందికి 12 పౌండ్ల పక్షి చాలు, మన ఇళ్లల్లో పక్కన బిర్యానీ, పప్పు, పులిహోర కూడా ఉంటాయి కదా. గడ్డకట్టిన పక్షి అయితే కరగడానికి ఫ్రిజ్‌లో ప్రతి నాలుగైదు పౌండ్లకు ఒక రోజు పడుతుంది. అంటే 12 పౌండ్లకు మూడు రోజులు, అది కూడా ఫ్రిజ్ కింది అరలో, నీళ్లు కారి దోసెల పిండిలోనో పెరుగులోనో పడకుండా లోతైన ట్రేలో పెట్టి. మొదటి ఏడాది నేను ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి పడుకున్నాను, పొద్దున చూస్తే లోపల రాయిలా ఉంది. అలా అయితే కవర్ విప్పకుండా చన్నీళ్లలో ముంచి, పౌండుకు అరగంట చొప్పున, ప్రతి అరగంటకూ నీళ్లు మారుస్తూ కరిగించాలి. 12 పౌండ్లకు ఆరు గంటలు. అలా కరిగించినదాన్ని వెంటనే వండేయాలి, మళ్లీ ఫ్రిజ్‌లో దాచకూడదు. కిచెన్ గట్టు మీద వదిలేసి కరిగించడం మాత్రం వద్దే వద్దు, పైన మెత్తబడి లోపల గట్టిగా ఉండగానే పైభాగంలో బ్యాక్టీరియా పెరిగిపోతుంది.

ఆ మూడు రోజులూ పిల్లలకు రోజుకో ముచ్చట

ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా పిల్లలు ఆ పెద్ద మూటను చూసి ఏదో ఒకటి అడుగుతారు. ఆ మూడు రోజులూ టర్కీ గురించి రోజుకో సంగతి చెప్పండి, పండగ రోజు వాళ్లే చుట్టాలకు చెబుతారు, టేబుల్ దగ్గర వాళ్లకూ ఒక పని ఉంటుంది.

మొదటి రోజు పేరు సంగతి చెప్పండి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఈ పక్షిది టర్కీ దేశం కాదు, దీన్ని మొదట మచ్చిక చేసుకున్నది మెక్సికో ప్రాంతపు జనం, అదీ రెండు వేల ఏళ్ల క్రితం. 1500ల మొదట్లో స్పెయిన్ వాళ్లు యూరప్‌కు పట్టుకెళ్లారు. టర్కీ వర్తకుల ద్వారా అంతకుముందే వచ్చే గినియా కోడితో కలిపి పొరబడి ఇంగ్లీషువాళ్లు దీనికి టర్కీ అని పేరు పెట్టేశారు. మరి టర్కీ దేశం వాళ్లు ఏమంటారో తెలుసా? హింది అంటారు, అంటే ఇండియాది అని. ఫ్రెంచివాళ్ల మాట దాండ్, అది కూడా ఇండియా నుంచి అన్న అర్థంలోంచే వచ్చింది. డచ్చివాళ్లు కాల్కూన్ అంటారు, అంటే కాలికట్ కోడి! పోర్చుగీసువాళ్లు పెరూ అంటారు. ఎవరికి వాళ్లు ఇంకో దేశం పేరు పెట్టుకున్నారు, అసలు ఊరి పేరు ఎవరూ పెట్టలేదు. మనకేమో టర్కీ కోడి, కొన్నిచోట్ల సీమకోడి. తమిళంలో వాన్‌కోళి.

మన దేశంలో దీని పాత కథ ఒకటుంది, అది కూడా చెప్పండి. 1612లో గోవా నుంచి జహంగీర్ దర్బారుకు ఒక టర్కీ పుంజును తెచ్చారు. చక్రవర్తి దాన్ని చూసి ముచ్చటపడి తన ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చేత బొమ్మ వేయించాడు, ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది, ఫోన్‌లో వెతికి పిల్లలకు చూపించండి. ఆడ నెమలి కంటే పెద్దది, మగ నెమలి కంటే చిన్నది అనీ, తల రంగు ఊసరవెల్లిలా క్షణానికోసారి మారుతోందనీ జహంగీర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆయన చూసింది నిజమే. టర్కీ పుంజు తల, మెడ మీద ఈకలుండవు. రెచ్చిపోయినప్పుడో భయపడినప్పుడో అక్కడి రక్తనాళాలు సన్నబడటం, వెడల్పవడం వల్ల ఎరుపు, తెలుపు, నీలం రంగులు మారుతుంటాయి. ముక్కు మీద వేలాడే పొడుగాటి తోలు కూడా జోడు కట్టే కాలంలో సాగి ఎర్రబడుతుంది.

రెండో రోజు అడవి టర్కీ గురించి. మనం కొనే తెల్ల పక్షి రొమ్ము మాంసం కోసం పెంచిన జాతి, ఎంత బరువంటే ఎగరలేదు, సహజంగా జత కట్టడం కూడా చేతకాదు, ఫారాల్లో కృత్రిమ గర్భధారణతోనే పిల్లలు పుట్టాలి. ఇది పిల్లలకు చెప్పాలా వద్దా అన్నది వాళ్ల వయసును బట్టి మీరే చూసుకోండి, నేను మావాళ్లకు చెప్పాను, ఎందుకంటే మనం తినేదాని గురించి తెలుసుకుని తినడం మంచిది. అడవి టర్కీ వేరు. గంటకు 40 కిలోమీటర్ల దాకా పరిగెత్తుతుంది, కొద్ది దూరమే అయినా గంటకు 80 కిలోమీటర్లు దాటి ఎగురుతుంది, రాత్రి చెట్టు కొమ్మల మీద పడుకుంటుంది. గబ్లు గబ్లు అని గట్టిగా కూసేది పుంజులే. ఆ కూత మైలు దూరం దాకా వినిపిస్తుంది. పిల్లలు పడీ పడీ నవ్వే సంగతి ఇంకోటుంది, పుంజు రెట్ట జె అక్షరంలా వంగి ఉంటుంది, పెట్టది చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఇది మాత్రం భోజనానికి ముందే చెప్పేయండి. ఒకప్పుడు వేట వల్ల, అడవులు నరకడం వల్ల ఈ పక్షి చాలా రాష్ట్రాల్లో కనబడకుండా పోయింది. ఒకచోట పట్టుకుని ఇంకోచోట వదులుతూ మళ్లీ పెంచారు, ఇప్పుడు ఊళ్ల శివార్లలో రోడ్డు దాటుతూ కూడా కనిపిస్తాయి.

మూడో రోజు క్షమాభిక్ష కథ. 1947 నుంచి టర్కీ పెంపకందార్ల సంఘం ఏటా అధ్యక్షుడికి ఒక పక్షిని ఇస్తోంది. ట్రూమన్ దాన్ని కోయకుండా వదిలిపెట్టాడని చెబుతారు కానీ అది నిజం కాదు. 1963లో కెనెడీ దాన్ని పెరగనివ్వండి అని తిప్పి పంపాడు. 1989లో పెద్ద బుష్ క్షమాభిక్ష అన్నాడు, అప్పటి నుంచి అది ఏటా జరిగే వేడుక అయింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ టర్కీని జాతీయ పక్షి చేయమన్నాడని కూడా అంటుంటారు, అదీ సరికాదు. 1784లో కూతురికి రాసిన ఉత్తరంలో గద్ద కంటే టర్కీ మర్యాదగలది, ధైర్యం గలది అన్నాడు, అంతవరకే.

వంట

కడగకండి. మనకు పసుపు, ఉప్పు వేసి నాలుగు నీళ్లు పోసి కడగనిదే మాంసం ముట్టబుద్ధి కాదు, నాకు తెలుసు, మా అత్తయ్యగారిని ఒప్పించడానికి రెండేళ్లు పట్టింది. అంత పెద్ద పక్షిని సింకులో కడిగితే ఆ నీళ్లు చుట్టూ గట్టు మీద, పక్కనున్న కొత్తిమీర మీద చిందుతాయి, క్రిములు పోయేది ఓవెన్ వేడికే గానీ నీళ్లకు కాదు. పేపర్ టవల్‌తో లోపలా బయటా తడి లేకుండా అద్దండి చాలు. పొట్టలోనూ మెడ దగ్గరి సంచిలోనూ చెయ్యి పెట్టి వెతకండి, మెడ, గుండెకాయ, కందనకాయ, కార్జం చిన్న కవర్లో పెట్టి ఉంటాయి, అది తీయకుండా ఓవెన్‌లో పెట్టేస్తే కష్టం. కందనకాయ, కార్జం ఉల్లిపాయతో వేపుడు చేసుకోవచ్చు, వంట చేసేవాళ్లకు పొద్దున్నే తినడానికి బాగుంటుంది.

కవర్ మీద ఉప్పు నీళ్లు ఎక్కించినట్టు రాసి ఉందేమో చదవండి, ఉంటే ఉప్పు బాగా తగ్గించాలి. లేకపోతే ఐదు పౌండ్లకు ఒక టేబుల్ స్పూన్ చొప్పున కోషర్ ఉప్పు, మనం వాడే సన్న ఉప్పయితే అందులో సగం, ముందురోజు పొద్దున్నే లోపలా బయటా రుద్ది ఫ్రిజ్‌లో పెట్టండి. సాయంత్రం మసాలా: అర కప్పు గట్టి పెరుగు, మూడు టేబుల్ స్పూన్ల అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు టేబుల్ స్పూన్ల కారం, ఒకటి ధనియాల పొడి, రెండు టీ స్పూన్ల గరం మసాలా, పసుపు, నిమ్మరసం. దీన్ని తోలు మీద కాదు, తోలు కింద పట్టించాలి. రొమ్ము వైపు నుంచి వేళ్లు మెల్లగా దూర్చితే తోలు వదులవుతుంది, చిరగకుండా తొడల దాకా చెయ్యి పోనిచ్చి ముద్దను లోపల పరచండి. పెరుగు పైన పూస్తే నల్లగా మాడిపోతుంది, తోలుకు వెన్నో నూనో రాస్తే చాలు. టర్కీకి కారమేంటి అని ఎవరైనా అంటే మిరపకాయ కూడా ఆ మెక్సికో వైపుదే అని చెప్పండి, పోర్చుగీసువాళ్లు తెస్తేనే మనకు వచ్చింది. మెక్సికోలో మిరపకాయలు నూరి చేసే మోలే పులుసులో టర్కీ వేసుకోవడం పాత అలవాటు, కాబట్టి కారం పట్టించిన టర్కీ వింత వంటకమేమీ కాదు.

ఓవెన్ 325 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పెడితే 12 పౌండ్లకు సుమారు మూడు గంటలు. రెండున్నర గంటల నుంచి మీట్ థర్మామీటర్‌తో చూస్తూ ఉండండి, తొడ లోపలివైపు మందంగా ఉన్నచోట, రొమ్ములో మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చితే రెండుచోట్లా 165 డిగ్రీలు రావాలి. రంగును నమ్మకండి, పక్షికే గుచ్చి వచ్చే ప్లాస్టిక్ పుల్లను కూడా నమ్మకండి. థర్మామీటర్ పదిహేను ఇరవై డాలర్లకు వస్తుంది, అది లేకుండా టర్కీ జోలికి పోవద్దనే నా సలహా. తోలు త్వరగా ఎర్రబడితే పైన ఫాయిల్ కప్పండి. పెరట్లో నూనెలో వేయించే ఉద్దేశం ఉంటే గడ్డకట్టినదాన్ని, తడిగా ఉన్నదాన్ని నూనెలో దించకండి, నూనె పొంగి మంటలు లేస్తాయి, అమెరికా ఇళ్లలో వంట వల్ల అగ్నిప్రమాదాలు ఏడాది మొత్తంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగేది ఈ పండగ రోజే.

పక్కన ఏం పెట్టాలన్నది మీ ఇష్టం, ఒక్కటి మాత్రం వదలకండి, నవంబర్‌లో తాజా క్రాన్‌బెర్రీలు సంచులకు సంచులు వస్తాయి, వాటి పులుపు మన వాక్కాయకు దగ్గరగా ఉంటుంది. పప్పులో వేయండి, పచ్చిమిర్చితో రోటి పచ్చడి చేయండి, పులిహోర కలపండి. గుమ్మడికాయతో పై చేసేవాళ్లు చేస్తారు, మనం దప్పళం పెట్టుకుంటే టర్కీ ముట్టనివాళ్ల పళ్లెం కూడా నిండుగా ఉంటుంది.

ఆ అరగంట

టర్కీని దించి ఫాయిల్ వదులుగా కప్పి పక్కన పెట్టండి. వెంటనే కోస్తే రసమంతా కారిపోయి మాంసం ఎండుగా అవుతుంది, అరగంట ఆగితే రసం ముక్కలోనే నిలుస్తుంది. ఖాళీ అయిన ఓవెన్‌లో మిగతావి వేడి చేసుకోవచ్చు. ఇప్పుడు అందరినీ కూర్చోబెట్టండి.

మన భాషలో కృతజ్ఞత లేక కాదు మనకు ఇది కొత్తగా ఉండేది. అమ్మకు థాంక్స్ చెబితే నాకు థాంక్స్ ఏంట్రా అంటుంది. మనం ఆ మాట నోటితో అనం, నీ పుణ్యమా అని గట్టెక్కాను అంటాం, నీ మేలు మరిచిపోను అంటాం, తిన్నాక అన్నదాతా సుఖీభవ అంటాం. కాబట్టి ధన్యవాదాలు అనే మాటను పట్టుకుని వేలాడకండి. ఒక మనిషి, ఒక పని, ఈ ఏడాదిది. అంతే పెట్టుకోండి. దేవుడికీ అందరికీ థాంక్స్ అంటే ఎవరికీ ఏమీ తగలదు. మార్చిలో నాకు జ్వరం వచ్చినప్పుడు నువ్వు పిల్లల్ని మూడు రోజులు స్కూల్‌కు తీసుకెళ్లావు, ఆ మూడు రోజులూ నేను నిశ్చింతగా పడుకున్నాను అని చెబితే ఆ మనిషి మొహం చూడండి.

పిలిచినప్పుడే ఫోన్‌లో చెప్పేయండి, ఇలా ఒక మాట అడుగుతాను అని. అప్పటికప్పుడు అడిగితే టెన్షన్ పడతారు. మొదట ఇంటివాళ్లే మొదలుపెట్టాలి, రెండు వాక్యాల్లో ముగించాలి, ఎందుకంటే మొదటివాళ్లు ఎంత సేపు మాట్లాడితే తర్వాతివాళ్లూ అంతే సేపు మాట్లాడాలనుకుంటారు. తర్వాత పిల్లలు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు ఉంటే వాళ్లను ఎవరికి థాంక్స్ చెబుతారు అని అడగకండి, మీకు చిన్నప్పుడు బాగా సాయం చేసినవాళ్లెవరు అని అడగండి. మా నాన్నగారు ఒక ఏడాది తన హైస్కూల్ ఫీజు కట్టిన పక్కింటాయన గురించి చెప్పారు, మేమెవరం అంతకుముందు ఆ సంగతి వినలేదు.

ఆ ఏడాది ఇంట్లో మనిషి పోయినవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు ఉంటారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే 60 రోజుల గడువే ఉంటుంది, అలాంటి మనిషిని పట్టుకుని దేనికి కృతజ్ఞతగా ఉన్నావు అని అడగడం తప్పు. అలాంటివాళ్లు నేను ఊరికే వింటాను అంటే సరే అనేసి ముందుకు వెళ్లండి. అలాగే ఊళ్లో ఎంఎస్ చదువుకునే పిల్లలు ఎవరైనా ఒంటరిగా ఉన్నారేమో కనుక్కుని పిలవండి, క్యాంపస్ ఖాళీ అయిపోయి వాళ్లు గదిలో ఒక్కళ్లే ఉండే రోజులవి. ఇండియాకు వీడియో కాల్ చేయాలంటే మాత్రం ఈ అరగంట కోసం ఆగకండి, న్యూయార్క్‌లో సాయంత్రం ఐదంటే అక్కడ తెల్లవారుజామున మూడున్నర. పొద్దున పదింటికే చేస్తే అక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అందరూ మేలుకునే ఉంటారు.

మాటల మధ్యలో ఈ పండగ కథ కూడా ఎవరో ఒకరు చెప్పాలి, పిల్లలు స్కూల్లో నేర్చుకున్నది సగమే కాబట్టి. 1621లో మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో, ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు పంట కోశాక మూడు రోజులు విందు చేసుకున్నారు. వాళ్లలో ఒకడైన ఎడ్వర్డ్ విన్‌స్లో రాసిన ఉత్తరంలో నలుగురు పక్షుల వేటకు వెళ్లారనీ, అక్కడి ఆదివాసులైన వాంపనోగ్‌ల నాయకుడు మాసాసాయిట్ తొంభై మందితో వచ్చి ఐదు జింకలు తెచ్చాడనీ ఉంది, టర్కీ మాటే లేదు. వాళ్లకు మొక్కజొన్న ఎలా నాటాలో నేర్పింది టిస్క్వాంటమ్ అనే ఆదివాసి. 1614లో ఒక ఇంగ్లీషు కెప్టెన్ అతన్ని ఎత్తుకెళ్లి స్పెయిన్‌లో అమ్మకానికి పెట్టాడు, ఎలాగో ఇంగ్లండ్ మీదుగా తిరిగొస్తే తన ఊరు మొత్తం రోగంతో తుడిచిపెట్టుకుపోయి ఉంది. ఆ ఊరి నేల మీదే ప్లిమత్ కట్టారు. 1970 నుంచి అక్కడి ఆదివాసులు ఇదే గురువారం ప్లిమత్‌లో సంతాప దినం పాటిస్తున్నారు. ఊరు మొత్తం పోగొట్టుకున్న టిస్క్వాంటమ్ నేర్పిన పంటతో ఆ వలస వచ్చినవాళ్లు బతికారు అని మా ఇంట్లో ఏటా మా పెద్దబ్బాయి చెబుతాడు, ఆ మాట తర్వాత ఒక నిమిషం ఎవరం మాట్లాడం.

అప్పటికి అరగంట అయిపోతుంది. ముందు కాళ్లు, తొడలు విడదీసి, రొమ్మును ఎముక పక్క నుంచి ఒక్క ముక్కగా దించి అడ్డంగా కోయండి. తిన్నాక నిద్ర ముంచుకొస్తే టర్కీలో ట్రిప్టోఫాన్ ఉంటుందని అంటారు, అది కోడి మాంసంలోనూ దాదాపు అంతే ఉంటుంది, నిద్ర వచ్చేది మనం తిన్న మొత్తం వల్ల. మిగిలినదాన్ని వండిన రెండు గంటల్లోపు చిన్న గిన్నెల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజుల్లో తినేయండి. వెళ్లేవాళ్లకు, ముఖ్యంగా ఆ స్టూడెంట్ పిల్లలకు, డబ్బాలు కట్టివ్వండి. ఎముకలు పారేయకండి, పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, దంచిన మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, కాస్త చింతపండు వేసి రెండు గంటలు సన్నమంట మీద ఉంచితే మర్నాడు పొద్దున అందరికీ వేడి వేడి చారు.